పొరుగు రాష్ట్రంలో తుఫాను

వాన చినుకుకు కూడా పౌరుషం అంటగట్టిన కాలం ఒకటి మా వైపు నడిచింది. రాష్ట్రం కోసం ఊరూరా టెంట్లు వేసుకుని కూర్చున్న సంవత్సరాలవి. సినిమాలో మా మాటను ఎవరు ఎక్కిరించారు, పాఠ్యపుస్తకంలో మా ఊళ్లకు ఎన్ని వాక్యాలు దక్కాయి అని ప్రతిదాన్నీ తక్కెట్లో పెట్టి చూసేవాళ్లం. టీవీలో వచ్చే వాతావరణ వార్తలు కూడా ఆ తక్కెడను తప్పించుకోలేకపోయాయి. చదివే ఆమె కోస్తా గురించి ఓడరేవు ఓడరేవుకూ విడివిడిగా చెప్పి, రాయలసీమ మీదుగా తీరుబడిగా నడిచి, ఊపిరి అయిపోయే వేళకు "తెలంగాణలో ఒకటి రెండు చోట్ల జల్లులు పడవచ్చు" అని ఒక చిరునవ్వు నవ్వి వెళ్లిపోయేది. జనగామ బస్టాండు ఎదుటి హోటల్లో చాయ్ తాగేవాళ్లకు ఆ చిరునవ్వు మీద చాలా కోపం ఉండేది. ఆ ఒకటో చోటు ఏదో, ఆ రెండో చోటు ఏదో పేరు పెట్టి చెప్పమనండ్రి అని వాళ్లు హోటలాయనను నిలదీసేవాళ్లు (ఆయన చేసిన తప్పల్లా టీవీ పెట్టడమే). ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో అది నవ్వే సంగతి కాదు. ఎండలకు బోర్లు ఎండిపోయిన ఊళ్లలో ఒకటి రెండు చోట్లు అంటే ఎవరి చేను అనేది చాలా పెద్ద ప్రశ్న.

నేను అప్పుడే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, జనగామలో ఒక చిన్న కేబుల్ ఛానల్లో చేరాను. యజమానిని ఊరంతా డిష్ అన్న అనేది. ఆయన కేబుల్ తీగ జనగామ నుంచి రఘునాథపల్లి మీదుగా అటు జఫర్‌గఢ్ దాకా, దారిలో దొరికిన ప్రతి స్తంభాన్నీ ప్రతి చెట్టునూ పట్టుకుని పాకింది. సాయంత్రం అరగంట స్థానిక వార్తలు వేసేవాళ్లం: ఎవరు పోయారు, ఎవరి బర్రె తప్పిపోయింది, కరెంటు ఎప్పుడు తీస్తారు, రేపు టెంటులో కూర్చునే వంతు ఎవరిది. నా పని మిషన్లు చూసుకోవడమే. కానీ వార్తలు చదివే అమ్మాయికి పెళ్లి కుదిరి వెళ్లిపోవడంతో, స్పష్టంగా మాట్లాడతాడన్న ఒకే ఒక నేరానికి డిష్ అన్న నన్ను కెమెరా ముందు కూర్చోబెట్టాడు. మిగతావన్నీ ఎట్లాగో చదివేవాణ్ని. వాతావరణం దగ్గరకు వచ్చేసరికి మాత్రం నాలోని డిప్లొమా నిద్ర లేచేది.

ఢిల్లీ నుంచి ఇంటర్నెట్లో వచ్చే దేశవ్యాప్త సూచనను నేను పూర్తిగా దించుకునేవాణ్ని. దాన్ని ప్రాంతాల వారీగా, ప్రమాదాల వారీగా వర్గీకరించి, నంబర్లు వేసి చదివేవాణ్ని. ఎండాకాలం చివరి వారాల్లో ఆ కాగితం చూస్తే ఈ దేశం ఒకటేనా అనిపిస్తుంది. రాజస్థాన్‌లో వడగాలులు, అస్సాంలో వరద, హిమాచల్‌లో కొండచరియలు, బీహార్‌లో పిడుగులు, కేరళలో అప్పుడే గడప తొక్కుతున్న రుతుపవనం. గోడ మీద థర్మోకోల్‌తో దేశపటం చేసి, ఎర్ర సూర్యుళ్లు, పసుపు మెరుపులు, నీలం అలలు, ఒక తెల్లని సుడి కత్తిరించి గుండుసూదులతో గుచ్చేవాణ్ని. రఘునాథపల్లిలో తాగునీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకున్న జనానికి బ్రహ్మపుత్ర ప్రమాద స్థాయి దాటిందని నేను ఎంత గంభీరంగా చెప్పేవాణ్నో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. చివర్న మా సొంత సూచన కూడా ఉండేది. జనగామ నేను చూసేవాణ్ని. మానుకోట (కాగితాల మీద మహబూబాబాద్) మా అమ్మ చూసేది. భూపాలపల్లి అక్కడ బొగ్గుగనిలో పనిచేసే మా బావ చూసేవాడు. అప్పటికి ఇవన్నీ ఒకే జిల్లా, ఇప్పుడు మూడు జిల్లాలు. ఆకాశం మాత్రం అప్పుడు కూడా మూడు రకాలుగానే ఉండేది. ఇక్కడ నిప్పులు కురుస్తుంటే మానుకోటలో గాలిదుమారం, భూపాలపల్లి అడవి మీద ఉరుములు. అమ్మ దగ్గర ఒకటే కొలమానం: ఆరేసిన బట్టలు తీసిందా, తీయలేదా. "సగం తీసిన బిడ్డా" అన్న రోజు నేను "ఆకాశం పాక్షికంగా మేఘావృతం" అని చదివేవాణ్ని.

నా నాలుగో పరిశీలకుడు జఫర్‌గఢ్ చాచా. మా బాపుతో కలిసి బడికి పోయినాయన. బాపు పోయిన తర్వాత నెలకోసారి అమ్మ దగ్గరికి వచ్చి మంచిచెడ్డలు కనుక్కుని పోయే మనిషి. జఫర్‌గఢ్ శివారులో ఒక మామిడి తోటను గుత్తకు పట్టి, పూత దశ నుంచి కాయ దిగేదాకా అందులోనే గుడిసె వేసుకుని ఉండేవాడు. వరసగా రెండేళ్లు ఒకసారి మంచు, ఒకసారి గాలి ఆయన కాయను తినేశాయి. బొంబాయి దగ్గర భివండిలో మరమగ్గాల మీద పనిచేసే బావమరిది ఎన్నాళ్లుగానో రమ్మంటున్నాడు. ఈసారి కూడా కాయ దక్కకపోతే గిన్నెలు సర్దేస్తానని చాచీ ఖరాఖండిగా చెప్పేసింది. చాచాకు భివండి పేరు వింటేనే ఊపిరి ఆడేది కాదు. కప్పు కింద పొద్దంతా నిలబడి దారం చూసుకుంటూ ఎట్ల బతుకుడు బేటా, నేను చెట్టు కింద పడుకున్నోణ్ని అనేవాడు. ఆ ఏడు కాత బాగా పట్టింది. బేనిషాన్ (బంగినపల్లి) ముందువరసలు దాదాపు తయారయ్యాయి. వెనక వరసలు హిమాయత్. అది ఆలస్యంగా వచ్చే రకం. తొందరపడి తెంపితే మాగదు, తొక్క ముడతపడి రుచి చచ్చిపోతుంది. ఇంకో వారం, పది రోజులు చెట్టు మీద ఉండాలి. అందుకని చాచా రోజూ సాయంత్రం తోట నుంచి ఊళ్లోకి నడిచొచ్చి, చాయ్ హోటల్లో బల్ల మీద కూర్చుని, నేను దేశమంతా తిరిగి జఫర్‌గఢ్ చేరేదాకా ఓపిగ్గా ఎదురుచూసేవాడు.

ఇట్లా ఉండగా మా టెంటు పెద్దకు నా పటం మీద కన్ను పడింది. ఆయన రిటైరైన లెక్కల సారు. సన్నటి మనిషి, తెల్ల లాల్చీ, కోపం వచ్చినప్పుడు గొంతు పెంచడానికి బదులు తగ్గించేవాడు. మా స్టూడియోకు వచ్చి గోడ ముందు చాలాసేపు నిలబడి, జేబులోంచి లావు స్కెచ్ పెన్ను తీసి, నా దేశపటం మీద మా పది జిల్లాల చుట్టూ గీత గీశాడు. తర్వాత ఆ గీతకూ సముద్రానికీ మధ్య ఉన్న భాగాన్ని వేలితో చూపించి, దేశం మొత్తం చదువుకో, అస్సాం చదువు, గుజరాత్ చదువు, ఇది మాత్రం మన ఛానల్ల చదవొద్దు అన్నాడు. యాభై ఏండ్ల నుంచి వాళ్ల వాన మనం విన్నం, ఇప్పుడు మన ఎండ మనం వింటం అన్నాడు. నేను వర్షాలు సముద్రం వైపు నుంచే వస్తాయనీ, అల్పపీడనం ఏ గీతకూ ఆగదనీ మూడు కారణాలు నంబర్లతో సహా చెప్పబోయాను. సారు రెండో నంబరు దగ్గరే ఆపి, "వస్తె రానీ బిడ్డా. వచ్చేదాన్ని నేను ఆపుతలేను. చదువుడు ఆపుతున్న" అన్నాడు. నేను ఆ భాగంలో గుచ్చిన గుండుసూదులు పీకేశాను. ఆ రోజు నుంచి నా దేశవ్యాప్త సూచనలో తెలంగాణకూ సముద్రానికీ మధ్య ఒక కన్నం ఏర్పడింది. ఆ కన్నంలో ఎండ లేదు, వాన లేదు, గాలి లేదు.

రోహిణి ఎండలు నడినెత్తిన ఉండగా ఒకనాటి కాగితంలో ఆ కన్నం దగ్గరే తెల్లటి సుడి వచ్చి కూర్చుంది. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడి తుఫానుగా మారింది, రాబోయే రాత్రి కోస్తా తీరం దాటుతుంది, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు, లోతట్టు గ్రామాలను ఖాళీ చేయించాలి. దాటాక లోపలికి కదిలి మర్నాడు మధ్యాహ్నానికి మా జిల్లాల మీద ఈదురుగాలులు. కానీ తెలంగాణ పేరాలో విడిగా రాసింది ఎప్పటి వాక్యమే: ఒకటి రెండు చోట్ల ఉరుములతో జల్లులు. అసలు సంగతంతా పైన, నాకు చదవడానికి అనుమతి లేని పేరాలో ఉంది. కాగితం పట్టుకుని కూర్చుని, అలవాటు కొద్దీ దారులన్నీ రాసుకున్నాను. నియమం ప్రకారం వదిలేస్తే చాచా హిమాయత్ చెట్టు మీదే ఉంటుంది. నియమం తప్పి చదివితే డిష్ అన్న తీగలు మర్నాటికి ఏ స్తంభానికీ ఉండవు. అడిగి చదువుదామంటే సారు మర్నాటి బంద్ గురించి హన్మకొండలో మీటింగుకు పోయాడు, ఫోన్ ఎత్తడు. మూడు దారులూ కొట్టేశాక నాలుగోది తట్టింది. సారు వద్దన్నది కోస్తా వాన. అస్సాం చదవమన్నాడు, గుజరాత్ చదవమన్నాడు. అంటే బయటి రాష్ట్రాలు చదవచ్చు. అయితే ఆంధ్రను కూడా బయటి రాష్ట్రం చేసేస్తే?

ఆ సాయంత్రం రాజస్థాన్, బీహార్, అస్సాం అయ్యాక, గొంతు ఏమాత్రం మార్చకుండా ఇట్లా చదివాను: "మన పొరుగు రాష్ట్రమైన ఆంధ్రలో ఈ రాత్రి తుఫాను తీరం దాటనుంది. దాని ప్రభావం వల్ల మన తెలంగాణ రాష్ట్రంలో రేపు మధ్యాహ్నం నుంచి బలమైన ఈదురుగాలులు వీచే అవకాశం ఉంది. కోతకు వచ్చిన మామిడిని రైతులు వెంటనే దించుకోవాలి." మామిడి వాక్యం కాగితంలో లేదు. అది చాచా కోసం నేను కలిపింది. నియమం నిలబడింది, సమాచారం చేరింది, ఇంజినీరింగ్ అంటే ఇదే అని నాలో నేను మురిసిపోయాను.

వార్తలు ముగిసి లైట్లు ఆర్పకముందే బజార్లో డప్పు మోగింది. మొదట ఎవరి ఊరేగింపో అనుకున్నాను. డిష్ అన్న పరుగెత్తుకొచ్చి నా నోట్లో గుప్పెడు చక్కెర పోశాడు, కళ్లలో నీళ్లు. ఇంతవరకు ఏ మినిస్టరు అనలే, ఏ పేపరు రాయలే, ఫస్టు మన ఛానల్లనే రాష్ట్రం వచ్చిందిర తమ్మీ అన్నాడు. టెంటు దగ్గర నన్ను భుజాల మీద ఎత్తారు. హన్మకొండ నుంచి బస్సు దిగిన సారు అక్కడికక్కడే మీటింగులో తనకు కప్పిన శాలువా తీసి నాకు కప్పాడు, ఆయన గొంతు ఎంత తగ్గిందంటే ఏమన్నాడో నాకు వినపడనే లేదు. దంతాలపల్లి నుంచి ఎవరో ఫోన్ చేసి మళ్లీ ఒకసారి చదవమన్నారు. భూపాలపల్లి నుంచి బావ చేసి, మా షిఫ్టు వాళ్లందరికి లైన్ల పెట్టి వినిపిస్త, "పొరుగు రాష్ట్రం" దాకా చదివి ఆపు అన్నాడు. నేను చదివాను. ఆపాను కూడా. అందరికంటే అమ్మ ఫోన్‌తో నేను కుదేలయ్యాను. పక్కింటివాళ్లు సెల్లులో రికార్డు వినిపించారట. "రాష్ట్రం వచ్చిందా బిడ్డా? నువ్వు సదివినవంటె నిజమే అయ్యుంటది" అంది. ఇంకా రాలేదమ్మా, వస్తది అన్నాను.

తర్వాత చాచా ఫోన్ చేశాడు. హోటల్లో అందరికీ చాయ్ తాగించాడట, దిల్ ఖుష్ అయింది బేటా, మీ బాపు ఉంటే ఎంత సంబరపడుతుండెనో అన్నాడు. నేను మాట మధ్యలో అందుకుని, మరి కాయ ఎప్పుడు దించుతున్నవ్ చాచా అని అడిగాను.

"కాయ ఎందుకు? ఇంక వారం ఉన్నది గదా."

"పొరుగు రాష్ట్రం అన్నంక ఇంకేమన్ననో విన్నవా?"

అవతల చాచా పక్కవాళ్లను చప్పుడు ఆపమన్నాడు. తర్వాత మెల్లగా, "తర్వాత ఏమన్నవ్ బేటా? ఈడ మస్తు చప్పట్లు కొట్టినం" అన్నాడు.

శాలువా నా భుజం మీదే ఉంది. చుట్టూ ఎగురుతున్నవాళ్లలో ఒక్కొక్కరినీ పట్టుకుని, తుఫాను సంగతి విన్నరా అని అడిగాను. ఒక్కరూ వినలేదు. తుఫానును నేను దాచలేదు, తప్పు చెప్పలేదు. స్పష్టంగా, నంబరుతో సహా చెప్పాను. కానీ అంతకుముందు వాక్యం అంత తియ్యగా ఉంటే ఆ తర్వాతి వాక్యం ఎవరి చెవిన పడుతుంది? చాచాకు మొత్తం మళ్లీ చెప్పాను. విని, రేపు బంద్ గదా అన్నాడు. బంద్ రోజు ఆటో తిరగదు, లారీ తిరగదు. కాయ తెంపేవాళ్లు మానుకోట వైపు నుంచి రావాలి, రాలేరు. తోటలో ఉన్నది ఆయనా, చాచీ. సరే బేటా, అల్లా ఉన్నడు అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాట ఆయన ధైర్యంగా అని ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

బంద్ రోజు రోడ్డు మీద తిరగగలిగే బండి ఒక్కటే: జెండా కట్టిన టెంటువాళ్ల వ్యాన్. పైగా మర్నాడు దీక్షలో కూర్చునే వంతు మా కేబుల్ వాళ్లదే. నేను సారు దగ్గరికి పోయి సంగతంతా చెప్పాను. కమిటీలో ఒకాయన అందుకుని, బంద్ నాడు టెంటు ఖాళీగా ఉంటే దీక్ష ఎత్తేసిండ్రు అని పేపర్లో రాస్తరు, ఒక్క తోట కోసం ఇన్నొద్దుల పట్టు ఇడుస్తమా అన్నాడు. అందులోనూ న్యాయం ఉంది. సారు టెంటు గుంజ వైపు చూస్తూ అన్నాడు: "దీక్షంటె తినకపోవుడు. కూసునుడని ఎవరన్నరు?"

అట్లా మర్నాడు పొద్దున్నే దీక్ష జఫర్‌గఢ్ బయల్దేరింది. ఖాళీ టెంటులో "నేటి దీక్షా స్థలం: జఫర్‌గఢ్ శివారు, మామిడి తోట" అని బోర్డు నేనే రాసి పెట్టాను (దారి గుర్తులు కూడా వేశాను; ఎవరూ రాలేదు). మెడలో దండలతో, నుదుట బొట్లతో, మైకుతో, బ్యానరుతో వ్యాన్ తోటలో ఆగేసరికి చాచా గుడిసెలోంచి బయటికొచ్చి భయపడిపోయాడు, తన తోటను కూడా బంద్ చేయించడానికి వచ్చారనుకున్నాడు. బ్యానరును రెండు చెట్ల మధ్య కట్టి, సారు కింద నులకమంచం మీద కూర్చుని దీక్ష ప్రారంభమైందని మైకులో ప్రకటించాడు. విన్నది మేమూ, రెండు మేకలూ.

చెట్టెక్కడం మా కేబుల్ వాళ్లకు కొత్త కాదు. ఆ తాలూకాలో మా తీగ మోయని చెట్టు లేదు. డిష్ అన్న లావుపాటి శరీరంతో కొమ్మ చివరిదాకా పోతుంటే చాచా కింద నుంచి దువా చేసేవాడు. మిగిలిన కేబుల్ వైరుకు గంపలు కట్టి, కాయ నేల తగలకుండా దించాం. తొడిమ ఉంచి తెంపాలని, సొన కాయ మీద పడకుండా బోర్లించాలని చాచా ఒక్కొక్కరికీ చేతులు పట్టి చూపించాడు. చాచీ గడ్డి పరిచి వరసలు పేర్చింది. ఎండ మండుతోంది, ఆకు కదలడం లేదు. పొద్దెక్కుతున్నకొద్దీ కడుపులు మాట్లాడసాగాయి. పండి రాలిన కాయలు కొన్ని చెట్ల మొదళ్లలో పడి ఉన్నాయి, ఆ వాసన చెప్పడానికి లేదు. నీళ్లు తప్ప నోట్లో ఏమీ పెట్టకూడని మనుషులు పొద్దంతా మామిడిపండ్ల మధ్య తిరగడం ఏ దీక్షలోనూ ఉండదు. ఒకడు తట్టుకోలేక, వాసన చూస్తే దీక్ష భంగమైతదా సార్ అని అడిగాడు. సారు ప్రశ్నను నిజాయితీగా ఆలోచించి, "వాసనకు నియమం లేదు" అన్నాడు. ఆ తర్వాత గంపలు మోసే వేగం కొంత తగ్గింది, ప్రతివాడూ గంపను ముక్కుకు దగ్గరగా పట్టుకుని నడవసాగాడు.

బేనిషాన్ వరసలు దాదాపు ముగిశాయి. హిమాయత్ దగ్గరికి వచ్చేసరికి చాచా కాళ్లు ఆగాయి. ఒక కాయ తెంపి, కత్తితో కోసి, టెంక చూసి, ఇంకా లేతగా ఉంది బేటా అన్నాడు. ఎండ ఇంత గట్టిగ ఉన్నది, గాలి నిజంగనే వస్తదా అని నన్ను అడిగాడు. కాగితంలో ఉన్నది చెప్పాను. మన తోట మీదనే వస్తదని రాసి ఉన్నదా అన్నాడు. లేదు, అట్లా ఏ కాగితంలోనూ ఉండదు. ఆ చెట్ల కింద నిలబడి ఆయన పైకి చూసిన చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తెంపితే కాయ పాడు, తెంపకపోతే గాలి భయం. చివరికి సగం చెట్లు తెంపుదాం, సగం దేవుని మీద విడుద్దాం అన్నాడు. తెంపుతుండగానే ఆగ్నేయం వైపు ఆకాశం రంగు మారింది. మొదట దుమ్ము లేచింది. తర్వాత మా బ్యానరు చెట్ల మధ్య నుంచి ఊడి, ఆకాశంలోకి ఒక్కసారి విప్పుకుని, పక్క చేల మీదుగా ఎటో పోయింది. అందరం గంపలను గుడిసెలోకి ఈడ్చుకుని, వాటి మధ్యనే ఒకరి మీద ఒకరం కూర్చున్నాం.

బయట కాయలు రాలుతున్న చప్పుడు. వాన చప్పుడు వేరు, గాలి చప్పుడు వేరు, నిండు కాయ నేల మీద పడే చప్పుడు వేరు. ఒక్కో చప్పుడుకు చాచీ కళ్లు మూసుకునేది. సారు పెదవులు మెల్లగా కదలడం చూసి చాచా, "లెక్కపెట్టకు సారూ" అన్నాడు. "ఇడిసిపెట్టు. అవి పోయినయ్."

సారు తలవంచుకుని, అలవాటు అన్నాడు. కొంచెంసేపటికి గాలి తగ్గి వాన మిగిలింది. ఫోన్లు పనిచేయడం లేదు, కరెంటు స్తంభాలు ఎన్ని పడ్డాయో తెలియదు, మా తీగ సంగతి డిష్ అన్న అడగనేలేదు. సాయంత్రమవుతుండగా చాచా నా వైపు తిరిగి, ఇయ్యాల వార్తలు లెవ్వా అన్నాడు. కరెంటు లేదు చాచా అన్నాను. కాగితం ఉంటదిగా నీ జేబుల, చదువు, మిగతా ముల్క్ ఎట్లున్నదో విందాం అన్నాడు. పొద్దున బయల్దేరేముందు దించుకున్న కాగితం ప్లాస్టిక్ కవరులో నిజంగానే ఉంది. గంప మీద కూర్చుని చదివాను. రాజస్థాన్‌లో వడగాలులు కొనసాగుతాయి. ఒంటెలు కూడా తట్టుకోలేవేమో అన్నాడు ఒకడు. అస్సాంలో వరద నీరు ఇళ్లలోకి వచ్చింది. చాచీ, పిల్లలను ఏడ పెట్టుకున్నరో అంది. బీహార్‌లో పిడుగులు. హిమాచల్‌లో కొండచరియలు పడి దారులు మూసుకున్నాయి. తడిసిన బట్టలతో, ఖాళీ కడుపులతో ఉన్న ఆ మనుషులు ఒక్కో ఊరి పేరు వింటుంటే, చాచా ప్రతిదానికీ అయ్యో అంటున్నాడు, చుట్టాల కబురు విన్నట్టు. కేరళ చదివి, అలవాటైన కన్నాన్ని దాటి తెలంగాణకు రాబోయాను.

"గదేంది, నడుమ ఇడిసిపెట్టినవ్?" అన్నాడు సారు.

"మీరే వద్దన్నరు సారూ."

"చదువు."

చదివాను. తుఫాను తెల్లవారుజామున తీరం దాటింది. గాలి తీవ్రత వల్ల పెంకుటిళ్లు, గుడిసెలు, స్తంభాలు, తోటలు దెబ్బతినే అవకాశం. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. పేరు పెట్టి పిలవడానికి పొరుగు రాష్ట్రం అన్న మాట ఆ క్షణంలో నాకు అవసరం పడలేదు. ఊళ్ల పేర్లతోనే చదివాను.

"ముందుగాలనే వేటకు పోయినోళ్లు వచ్చిండ్రా?" అని అడిగాడు సారు.

"అది ఇందులో రాయలేదు సారూ."

చాచా రెండు చేతులూ చాచి దువా చేశాడు. అందులో రాజస్థాన్ వచ్చింది, అస్సాం వచ్చింది, పడవలవాళ్లు వచ్చారు, మానుకోటలో మా అమ్మ కూడా వచ్చింది. ఆయన హిమాయత్ చెట్లు రాలేదు. మేమంతా, దువా తెలియనివాళ్లం కూడా, చివర్న ఆమీన్ అన్నాం.

చీకటి పడకముందే సారు దీక్ష విరమించాలన్నాడు. నిమ్మరసం టెంటులోనే ఉండిపోయింది. చాచీ వాన ఆగీ ఆగకముందే కొంగు కప్పుకుని వెళ్లి, రాలినవాటిలో కొంచెం మెత్తబడ్డవి ఏరుకొచ్చి కడిగి కోసింది. చాచా పళ్లెం పట్టుకుని ముందు సారుకు ఇచ్చి, తర్వాత నా ముందు ఆగాడు. వెనక వరసలు చాలావరకు నేల మీద ఉన్నాయి. ముందు వరసలు గంపల్లో ఉన్నాయి. చాచీ గిన్నెలు సర్దుతుందో లేదో అందరం అడగలేక ఆమె ముఖం చూస్తున్నాం, ఆమె గంపల వైపు చూస్తోంది.

"బేటా, వచ్చే ఎండకాలం గాలి ఎట్లుంటదో నీ కాగితంల ఉంటదా?" అన్నాడు చాచా.

"అంత దూరం ఉండదు చాచా."

"ఉండకుంటేనే మంచిది. ఉంటే తోటలు ఎవడు పడుతడు?" అని చాచీ వైపు చూశాడు. ఆమె గంపలోంచి జారిన ఒక కాయను తీసి మళ్లీ గడ్డిలో జాగ్రత్తగా సర్దింది. చాచా నవ్వాడు. "ఇంకో ఏడు పడుత."

ఆ నవ్వు చూసి నేను ఊరుకుని ఉండాల్సింది. కానీ చాచా, దీర్ఘకాలిక సూచనలని కూడా ఉంటాయి, వాటిలో మూడు రకాలు, మొదటిది... అని మొదలుపెట్టాను. డిష్ అన్న అంత పెద్ద మామిడి ముక్క ఒకటి తీసి నా నోట్లో కుక్కాడు. పుల్లగా, సగం తీపిగా, ఇంకా పండని హిమాయత్. అప్పటి నేనైన ఆ కుర్రవాడు ఆ ముక్క మింగేదాకా రెండోదీ మూడోదీ చెప్పలేకపోయాడు. మింగాక చెప్పాలనిపించలేదు. అతనికి ఆ రోజుకు అది చాలా పెద్ద తెలివి.